వాట్సాప్‌లో వచ్చిన టికెట్, 780 రూపాయల రసీదు: ఒక రైల్వే ఫైన్ కేసు

నేను తెలంగాణలో ఒక జిల్లా కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను, వినియోగదారుల కేసులు, ఆర్టీఐ పనులు ఎక్కువ చూస్తాను. రైల్లో టికెట్ లేదని ఫైన్ వేశారంటూ వచ్చేవాళ్ళు తరచుగా ఉంటారు, వాళ్ళలో చాలామందికి నేను చెప్పేది ఒకటే, కట్టేశారు కదా ఇక వదిలేయండి అని, ఎందుకంటే చట్ట ప్రకారం ఆ ఫైన్ కరెక్టే అయ్యుంటుంది. ఈ కేసు మాత్రం రాసిపెట్టాలనిపించింది. ఇందులో ఫైన్ వెయ్యడం కరెక్టే, ఎంత వేశారన్నది తప్పు, ఆ రెండూ వేర్వేరు ప్రశ్నలని నాతో సహా చాలామంది వకీళ్ళం కూడా క్లయింట్‌కి సరిగ్గా విడమరిచి చెప్పం. ఎవరినీ గుర్తుపట్టకుండా ఉండటానికి స్టేషన్ల పేర్లు, రైలు నంబర్, తేదీలు ఏవీ రాయట్లేదు, ఒకట్రెండు వివరాలు మార్చాను కూడా.

ఎవరు, ఏం జరిగింది

యాభై దాటిన ఆవిడ, పల్లెటూరు, కూలిపని. కొడుకు సిటీలో ఉద్యోగం. ఆవిడ దగ్గర బటన్ల ఫోన్ కాదు, కొడుకు ఇచ్చిన పాత టచ్ ఫోనే ఉంది, కానీ అందులో ఫోన్ మాట్లాడటం, వాట్సాప్‌లో మనవరాలి వీడియోలు చూడటం తప్ప ఇంకేం రాదు. కొడుకు దగ్గరికి వెళ్ళాలంటే ఊరి నుంచి టౌన్‌కి బస్సు, అక్కణ్ణుంచి రెండు గంటలు రైలు, జనరల్ బోగీ.

ఆ రోజు సాయంత్రం టౌన్ స్టేషన్లో కౌంటర్ దగ్గర పెద్ద లైన్ ఉందని తెలిసి కొడుకు సిటీలో కూర్చునే తన ఫోన్లో జనరల్ టికెట్లకి రైల్వేవాళ్ళది అప్పట్లో ఉన్న యూటీఎస్ యాప్ ఓపెన్ చేసి 65 రూపాయలకి టికెట్ తీశాడు, స్క్రీన్‌షాట్ కొట్టి వాళ్ళమ్మకి వాట్సాప్ చేశాడు. ఇది ఇప్పుడు ప్రతి ఇంట్లో జరిగే పనే. ఒకప్పుడు స్టేషన్‌కి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంటేనే ఈ యాప్‌లో టికెట్ వచ్చేది, 2024లో ఆ దూరం లిమిట్ తీసేశారు, దాంతో ఎక్కడో ఉన్న పిల్లలు ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి టికెట్ తియ్యడం మొదలైంది. కానీ పేపర్‌లెస్ టికెట్ అంటే బుక్ చేసిన ఫోన్లో, యాప్ లోపల, షో టికెట్ నొక్కి చూపించాల్సిందే. స్క్రీన్‌షాట్ టికెట్ కింద లెక్కలోకి రాదు. ఈ సంగతి ఆ అబ్బాయికి తెలీదు.

రైలెక్కిన అరగంటకి టీసీ వచ్చాడు. ఆవిడ ఫోన్ చూపించింది. యాప్ ఓపెన్ చెయ్యమన్నాడు, ఆవిడ ఫోన్లో అసలు ఆ యాప్ లేదు. "ఇది దొంగ టికెట్" అన్నాడట, నలుగురిలో. డబ్బు కట్టకపోతే వచ్చే స్టేషన్లో దించేస్తానన్నాడు, అది ఒక చిన్న స్టేషన్, టైమ్ రాత్రి ఎనిమిది దాటింది. ఆవిడ దగ్గర 500 ఉన్నాయి, పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి ఒకరు మిగతాది ఇచ్చింది, కొడుకు ఆ అమ్మాయికి ఫోన్‌పే చేశాడు. టీసీ 780 రూపాయలకి రసీదు రాసిచ్చాడు.

నా దగ్గరికి ఇద్దరూ కలిసి వచ్చారు. కొడుక్కి నష్టపరిహారం కావాలి, లక్షల్లో. ఆవిడకి కావల్సింది వేరే. "పైసలు పోతే పోనియ్ సారూ, పైసలు కట్టి ఎక్కిన మనిషిని దొంగ అన్నడు, నేను దొంగను కాదని కాయితం రాసియ్యాలె." నేను ఆ మాట ఫైల్ మొదటి పేజీలోనే రాసుకున్నాను, తర్వాత ఏ దారిలో వెళ్ళాలని ఆలోచించిన ప్రతిసారీ అది పనికొచ్చింది.

మేం మొదలుపెట్టేసరికే చేసినవి

కొడుకు ఆ రాత్రే రైల్వే ఫిర్యాదుల పోర్టల్ రైల్‌మదద్‌లో కంప్లైంట్ పెట్టాడు. ఏం పెట్టాడో చూపించమన్నాను. టీసీ వేధించాడు, లంచం తీసుకున్నాడు, టికెట్ ఉన్నా ఫైన్ వేశాడు, మొత్తం డబ్బు వాపస్ ఇవ్వాలి, అతన్ని సస్పెండ్ చెయ్యాలి అని ఒకే పేరాలో కోపం అంతా. దానికి రెండు లైన్ల జవాబు వచ్చింది, స్క్రీన్‌షాట్ చెల్లదు, రూల్ ప్రకారమే వసూలు చేశారు, కంప్లైంట్ క్లోజ్డ్. కోపం నాకర్థమైంది, ఎవరి అమ్మనైనా అలా అంటే అంతే. కానీ అధికారి వైపు నుంచి చూడండి, రసీదు ఇచ్చినచోట లంచం అన్న మాట నిలవదు, టికెట్ ఉందన్న మాట రూల్ ముందు నిలవదు. ఆ రెండూ పడిపోయాక మూడోది చదివే ఓపిక ఎవరికీ ఉండదు. పైగా అసలు తప్పు ఎక్కడుందో అది ఆ కంప్లైంట్‌లో లేనే లేదు.

రసీదు ఏం చెప్పింది

ఈ రసీదుని ఎక్సెస్ ఫేర్ టికెట్ అంటారు, ఈఎఫ్‌టీ అని రాస్తారు. ఫైన్ కట్టినవాళ్ళెవరూ దీన్ని చదవరు, మొత్తం ఎంతో చూసుకుని జేబులో పెట్టేస్తారు. ఇందులో ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ క్లాసు, ఛార్జీ ఎంత, అదనపు ఛార్జీ ఎంత, ఎక్కడ రాశారు అన్నీ ఉంటాయి. మా రసీదు టేబుల్ మీద పరిచి చూస్తే 'నుంచి' అన్నచోట ఆవిడ ఎక్కిన టౌన్ లేదు, ఆ రైలు మొదట బయల్దేరిన వేరే రాష్ట్రం స్టేషన్ ఉంది. ఛార్జీ 390, అదనపు ఛార్జీ 390, మొత్తం 780.

ఇక్కడ చట్టం కొంచెం చెప్పాలి. రైల్వే చట్టం 1989లో టికెట్ లేకపోవడం మీద రెండు సెక్షన్లున్నాయి. 137 మోసం చెయ్యాలనే ఉద్దేశంతో ప్రయాణం చేసినవాళ్ళకి, అది నేరం, ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ, అది కోర్టు తేల్చాలి. 138లో మోసం ఊసు లేదు, అడిగినప్పుడు సరైన టికెట్ చూపించలేకపోతే ప్రయాణ ఛార్జీ, దానిమీద ఒక అదనపు ఛార్జీ కట్టాలి, ఆ అదనపు ఛార్జీ 250 రూపాయలు లేదా ప్రయాణ ఛార్జీకి సమానమైన మొత్తం, రెంట్లో ఏది ఎక్కువైతే అది. ఆవిడ దగ్గర వసూలు చేసింది 138 కింద. అంటే ఆవిణ్ణి మోసగత్తె అని ఎవరూ కాయితం మీద అనలేదు, నోటితో అన్నారు. ఇది చెప్పగానే ఆవిడ మళ్ళీ అడిగింది, "అంటే కాయితంల దొంగ అని లేదా?" లేదమ్మా అన్నాను. రెండోసారి కూడా అడిగింది.

అసలు విషయం 138లోనే ప్రయాణ ఛార్జీని ఎక్కణ్ణుంచి లెక్కెయ్యాలి అన్నచోట ఉంది. మనిషి ప్రయాణం చేసిన దూరానికి వెయ్యాలి, అది మొదటి మాట. ఎక్కడ ఎక్కాడో అనుమానం ఉంటేనే రైలు బయల్దేరిన స్టేషన్ నుంచి వెయ్యొచ్చు. దానికీ ఒక అడ్డుకట్ట ఉంది, రైలు బయల్దేరాక మధ్యలో ఎక్కడైనా టికెట్లు చెక్ చేసి ఉంటే, ఆఖరిసారి చెక్ చేసిన చోటు నుంచే వెయ్యాలి, అంతకు వెనక్కి వెళ్ళకూడదు. లాజిక్ సులువే, అక్కడ చెక్ చేసినప్పుడు ఈ మనిషి దొరకలేదంటే అప్పటికి ఎక్కలేదన్నమాట.

లెక్క వేసి చూడండి. టౌన్ నుంచి అయితే ఛార్జీ 65, అదనపు ఛార్జీ 250, మొత్తం 315. దూరం నుంచి లెక్కేస్తే ఛార్జీ పెరగడం ఒకటే కాదు, అది 250 దాటగానే అదనపు ఛార్జీ కూడా దానితోపాటే పెరుగుతుంది, రెండు వైపులా దెబ్బ. 315కీ 780కీ మధ్య 465 తేడా. కూలికి పోయే మనిషికి అది చిన్న డబ్బు కాదు.

ఏది వదిలేశాం, ఎందుకు

మొదటి నిర్ణయం, 'టికెట్ ఉంది' అన్న వాదన పూర్తిగా వదిలెయ్యడం. కొడుకు దీనికి అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. డబ్బు రైల్వేకే వెళ్ళింది కదా సార్, టికెట్ కొన్నట్టే కదా అన్నాడు. న్యాయంగా వినిపించే మాటే. కానీ రైల్వే వైపు భయం కూడా నిజమైందే, జనరల్ టికెట్ మీద పేరుండదు, ఒక స్క్రీన్‌షాట్ పదిమందికి పంపితే పదిమంది ఎక్కొచ్చు, అందుకే యాప్‌లోనే చూపించాలని పెట్టారు. ఆ రూల్‌ని కొట్టెయ్యమని అడిగితే మన అర్జీ మొదటి లైన్‌లోనే ఆగిపోతుంది. ఫైన్ పడటం సరైనదే అని మనమే మొదట రాస్తే, చదివే అధికారి రెండో పేరాకి వస్తాడు.

రెండోది, వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళకపోవడం. నేను రోజూ చేసే పని అదే కాబట్టి అటు మొగ్గు ఉంటుంది, కానీ ఛార్జీ వాపసు గొడవలు రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ చట్టం 1987 ప్రకారం ట్రిబ్యునల్ పరిధిలోకి వస్తాయి, అవతలి వకీలు చేసే మొదటి పని ఆ అభ్యంతరం లేవనెత్తడం. 465 రూపాయల కోసం పరిధి మీద వాయిదాలు తిరగడం ఆవిడ చేత చేయించే పని కాదు, ప్రతి వాయిదాకీ ఆవిడకి ఒక రోజు కూలి పోతుంది. ట్రిబ్యునల్‌ని చేతిలో ఉంచుకుని ముందు ఆఫీసుకే రాద్దామనుకున్నాం.

మూడోది, డబ్బు సంగతిని, టీసీ మాటతీరుని రెండు వేర్వేరు అర్జీలుగా చెయ్యడం. కలిపితే డబ్బు అర్జీ విజిలెన్స్ వాళ్ళ దగ్గరికి, ప్రవర్తన అర్జీ రిఫండ్ వాళ్ళ దగ్గరికి పోయి రెండూ మూలపడతాయి, ఇది నేను వేరే కేసుల్లో చూశాను.

మొదటి ప్రయత్నం, ఫలించలేదు

రిఫండ్లు చూసే కమర్షియల్ ఆఫీసుకి రాశాం. రసీదు కాపీ, కొడుకు యాప్‌లో బుకింగ్ హిస్టరీ, అందులో ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్, టైమ్ ఉన్నాయి, కొడుకు రాసిచ్చిన స్టేట్‌మెంట్. ఇది టికెట్‌గా చెల్లదని ఒప్పుకుంటున్నాం, కానీ ఆవిడ ఎక్కడ ఎక్కిందో చెప్పే ఆధారంగా చూడండి అని అడిగాం. చాలా రోజులకి జవాబు వచ్చింది, ఆ టికెట్ వేరే వ్యక్తి మొబైల్ నంబర్ మీద ఉంది, ఈ ప్రయాణికురాలికి సంబంధించిందని రుజువు లేదు, కాబట్టి ఎక్కిన స్టేషన్ మీద అనుమానం ఉంది. చదివాక నాకు అది మరీ అన్యాయంగా ఏం అనిపించలేదు, వాళ్ళ చోట ఉంటే నేనూ అలాగే రాసేవాణ్ణేమో. ఆ టికెట్ ఆవిడ చేతిలో ఉండాల్సిన వస్తువు కాదు, అక్కడే చిక్కు.

అంటే కావల్సింది ఆవిడ చేతిలోంచి వచ్చిన కాయితం, లేకపోతే వాళ్ళ చేతిలోంచి వచ్చిన కాయితం.

ఆవిణ్ణి మళ్ళీ పిలిచి ఆ రోజు పట్టుకెళ్ళిన సంచి, పర్సు తెమ్మన్నాను. పర్సు టేబుల్ మీద ఖాళీ చేయించాను. రేషన్ షాపు చీటీ, మందుల చీటీ, వక్కపొడి ప్యాకెట్, వాటి మధ్య నాలుగు మడతలు పెట్టిన చిన్న కాయితం, బస్సులో ఇచ్చిన జీరో టికెట్. మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా, దానికిచ్చే సున్నా టికెట్, చాలామంది డబ్బులు పెట్టని కాయితం దేనికని దిగగానే పారేస్తారు. ఈవిడ దాచింది, ఎందుకు దాచిందో ఆవిడకీ తెలీదు. దానిమీద తేదీ, టైమ్, ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ అన్నీ ఉన్నాయి. ఊరి నుంచి టౌన్‌కి, రైలు టైమ్‌కి గంటన్నర ముందు. ఆ మిషన్ కాయితం మీద అక్షరాలు అప్పటికే లేత ఊదా రంగులోకి తిరిగి సగం పోతున్నాయి, ఇంకో నెల ఆగితే తెల్ల కాయితమే మిగిలేది. వెంటనే ఫోటో తీసి, జిరాక్స్ తీయించి, రెంటిమీదా ఆవిడ వేలిముద్ర పక్కన నేను తేదీ వేశాను.

ఆర్టీఐ

జీరో టికెట్ ఒక్కటే సరిపోదని నాకు అనుమానంగానే ఉంది, టౌన్‌కి వచ్చిందని చెప్తుంది గానీ ఆ రైలు అక్కడే ఎక్కిందని చెప్పదు. అందుకే 138లో రెండో మాట పట్టుకున్నాను, ఆ రైల్లో అంతకుముందు చెకింగ్ జరిగిందా? జరిగి ఉంటే ఆవిడ ఎక్కడ ఎక్కిందన్న వాదనతో పనే లేదు, రైలు బయల్దేరిన స్టేషన్ దాకా వెనక్కి వెళ్ళే హక్కు వాళ్ళకి లేనట్టే.

ఆర్టీఐ అర్జీ పది రూపాయలు, ముప్పై రోజులు. ఇక్కడ ప్రశ్న ఎలా అడుగుతామన్నదే అంతా. 'ఆ రోజు చెకింగ్ వివరాలివ్వండి' అంటే సమాచారం అందుబాటులో లేదని వస్తుంది. మా రసీదు మీద నంబర్ ఉంది. అదే పుస్తకంలో, అదే తేదీన, అదే రైల్లో మా నంబర్‌కి ముందు రాసిన రసీదుల్లో మూడే మూడు కాలమ్‌లు అడిగాను, ఎక్కడి నుంచి, ఎక్కడికి, రసీదు రాసిన చోటు. ప్రయాణికుల పేర్లు అక్కర్లేదని, అవి కొట్టేసి మిగతాది ఇవ్వడానికి ఆర్టీఐ చట్టం పదో సెక్షన్ ఒప్పుకుంటుందని కూడా మేమే రాశాం, వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపే దారి ముందే మూసెయ్యడానికి.

జవాబులో జిరాక్స్ కాయితాలు వచ్చాయి, పేర్ల మీద నల్ల గీత. మా రసీదుకి సరిగ్గా ముందుది అదే రైల్లో, మా టౌన్‌కి ఒక స్టాప్ వెనకున్న జంక్షన్ దగ్గర రాసింది. అంటే జంక్షన్ దగ్గర టికెట్లు చూశారు. చూశాక గంట తిరక్కుండా ఈవిడ దగ్గర వేరే రాష్ట్రం నుంచి ఛార్జీ వసూలు చేశారు.

ఏం పనిచేసింది

రెండో అర్జీ ఒకటిన్నర పేజీ. ఫైన్ వెయ్యడం మీద అభ్యంతరం లేదు. లెక్క 138కి విరుద్ధం. మొదటి కోరిక, టౌన్ నుంచి లెక్కేసి 465 వాపస్, ఆధారం జీరో టికెట్. అది ఒప్పుకోకపోతే రెండో కోరిక, జంక్షన్ నుంచి లెక్కేసి, అక్కణ్ణుంచి ఛార్జీ 95, అదనపు ఛార్జీ 250, మొత్తం 345, కాబట్టి 435 వాపస్, ఆధారం మీరే ఇచ్చిన కాయితం. ప్రత్యామ్నాయం పెట్టడం బలహీనత అని కొంతమంది అనుకుంటారు, నేననుకోను. ఆఫీసులో కూర్చున్న మనిషికి 'లేదు' అనడానికి ఒక చోటు, 'సరే' అనడానికి ఒక చోటు దొరకాలి.

వాళ్ళు రెండోదానికి ఒప్పుకున్నారు. 435 ఆవిడ ఖాతాలో పడింది. మిగతా 30 కోసం ట్రిబ్యునల్‌కి వెళ్దామా అని కొడుకు అడిగాడు, వద్దన్నాను, ఆవిడా వద్దంది. మొదట యాప్‌లో కట్టిన 65 కూడా పోయినట్టే, పేపర్‌లెస్ టికెట్‌కి క్యాన్సిలేషన్ లేదు.

టీసీ ప్రవర్తన మీద విడిగా వేసిన అర్జీలో ఒకే విషయం గట్టిగా పట్టుకున్నాం. సెక్షన్ 139 ప్రకారం మగతోడు లేకుండా ప్రయాణం చేసే ఆడమనిషిని టికెట్ లేదని దించాలన్నా ఆమె ఎక్కిన స్టేషన్‌లోనో, జంక్షన్‌లోనో, రైలు ఆఖరి స్టేషన్‌లోనో, జిల్లా కేంద్రంలోనో దించాలి, అదీ పగటిపూటే. రాత్రిపూట చిన్న స్టేషన్లో దించేస్తాననడం చట్టం వద్దన్న పని చేస్తానని బెదిరించడం. సిబ్బందికి కౌన్సెలింగ్ చేశామని ఒక లైన్ జవాబు వచ్చింది, అంతకుమించి ఏమీ రాలేదు. క్షమాపణ అడిగాం, రాలేదు. కేసులో ఈ భాగం గెలిచామని నేను చెప్పలేను.

ఆవిడ అడిగిన కాయితం సంగతి: రిఫండ్ ఉత్తర్వులో వసూలు 138 కింద అని, లెక్క సవరించామని ఉంది. దాన్ని తెలుగులో రాసి, 137కీ 138కీ తేడా కింద రెండు ముక్కల్లో చెప్పి, నా సంతకం స్టాంపుతో ఇచ్చాను. ఊళ్ళో ఎవరో ఈ విషయం మీద మాటలన్నారట, వాళ్ళకి చూపించాలంది.

నాకు పనికొచ్చినవి, మీకూ పనికొస్తాయేమో

ఇలాంటి కేసు వస్తే నేనిప్పుడు ముందు అడిగేది టికెట్ ఎందుకు లేదు అని కాదు, రసీదులో 'నుంచి' అన్నచోట ఏముంది అని. డబ్బు అక్కడే ఉంటుంది. జనరల్ బోగీలో దూరం నుంచి వచ్చే రైళ్ళలో చిన్న దూరం వెళ్ళేవాళ్ళకి ఈ తేడా బాగా తగుల్తుంది, వాళ్ళే అడగలేనివాళ్ళు కూడా. రసీదు రాసేటప్పుడే ఎక్కిన స్టేషన్ పేరు రాయమని అడగొచ్చు, ఏదైనా కాయితం, బస్ టికెట్, ప్లాట్‌ఫాం టికెట్, ఆ స్టేషన్ బయట టీ కొట్టులో చేసిన ఫోన్‌పే అయినా సరే, అప్పుడే చూపిస్తే తర్వాత ఇన్ని నెలలు అక్కర్లేదు.

డబ్బులు లేవు అన్నవాళ్ళకి ఒక జాగ్రత్త, 138 కింద అడిగింది కట్టకపోతే మేజిస్ట్రేట్ దాకా వెళ్తుంది, అక్కడ జైలు కూడా ఉంది. లెక్క తప్పని తెలిసినా రైల్లో కట్టేసి, రసీదు తీసుకుని, తర్వాత అడగడమే మంచిది. రసీదు ఇవ్వకుండా తీసుకుంటే మాత్రం అది వేరే కేసు.

ఇక ఊళ్ళో పెద్దవాళ్ళకి టికెట్ తీసే పిల్లలకి. యాప్‌లో పేపర్‌లెస్ కాకుండా పేపర్ ఆప్షన్ ఉందేమో చూడండి, అది తీస్తే బుకింగ్ ఐడీ, మీ మొబైల్ నంబర్ చెప్పి అమ్మ అక్కడ కౌంటర్లోనో మిషన్‌లోనో ప్రింట్ తీసుకోవచ్చు, ప్రింట్ చేతిలో ఉంటేనే చెల్లుతుంది. కౌంటర్ దగ్గర లైన్ ఉంటే ఇదీ ఆలస్యమే, ఒప్పుకుంటాను. రైలు కదిలిపోతోంది, టికెట్ లేదు అనుకున్నప్పుడు ఎక్కేముందే గార్డుతోనో టీసీతోనో చెప్పి అనుమతి తీసుకునే వీలు సెక్షన్ 55లోనే ఉంది, ఆ అనుమతి కాయితం ఉంటే ప్రయాణ ఛార్జీ కడితే చాలు, 138లో చెప్పిన అదనపు ఛార్జీ పడదు. ఎక్కాక దొరికిపోయి చెప్తే ఇది వర్తించదు. ఇది ఆ కొడుక్కి చెప్తే ఫోన్లో రాసుకున్నాడు, ఆవిడ మాత్రం ఇకనుంచి గంట ముందుపోయి లైన్లో నిలబడి తీసుకుంటా అంది.